కెరీర్ కోచింగ్ ప్యాకేజీ రివ్యూ: మాక్ ఇంటర్వ్యూ కోసం తీసుకోవచ్చు, మిగతాదానికి డబ్బులు దండగ

ఫైనల్ ఇయర్ పిల్లలకీ, డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కునే వాళ్ళకీ అని ఆన్‌లైన్‌లో కెరీర్ కోచింగ్ ప్యాకేజీలు తెగ అమ్ముతున్నారు కదా, అందులో ఒకటి మా పిన్ని కూతురు తీసుకుంది. పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఇలాంటివి బోలెడు ఉన్నాయి, పైన రంగులు వేరు గానీ లోపల సరుకు దాదాపు ఒకటే. తను చేస్తుంటే నేనూ పక్కన కూర్చుని చాలావరకు చూశా. మా ఆఫీసులో ఫ్రెషర్స్‌ని ఇంటర్వ్యూ చేసే ప్యానెల్‌లో నేనూ ఉంటా, అసలు ఈ పిల్లలకి బయట ఏం నేర్పించి మా మీదకి పంపిస్తున్నారో తెలుసుకుందామని. కాబట్టి ఇది కొన్నవాళ్ళ వైపు నుంచీ, టేబుల్‌కి అవతల కూర్చునేవాళ్ళ వైపు నుంచీ కలిపి రాస్తున్న రివ్యూ, కొంచెం పొడుగే ఉంటుంది.

ప్యాకేజీలో ఉండేవి ఇవి: ఒక పర్సనాలిటీ టెస్ట్, రెజ్యూమె రివ్యూ, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ సరిచేయడం, రికార్డ్ చేసిన వీడియోలు ఒక కుప్ప, పరిచయాలు పెంచుకోడానికి మెసేజ్ టెంప్లేట్లు, లైవ్ మాక్ ఇంటర్వ్యూలు, జీతం గురించి ఒక మాడ్యూల్, ఇంకా ఒక గ్రూపు. గ్రూపు సంగతి ఇక్కడే తేల్చేస్తా, అందులో పొద్దున్నే మోటివేషన్ కొటేషన్లు తప్ప ఏం రావు, మ్యూట్‌లో పెట్టేయండి.

పర్సనాలిటీ టెస్ట్ గురించి కూడా పెద్దగా చెప్పడానికి లేదు. నాలుగు అక్షరాల టైప్ ఒకటి ఇస్తారు, దాని కింద నీకు సరిపోయే ఉద్యోగాలు ఇవీ అని లిస్టు. ఆ నాలుగు అక్షరాలవి సరదాగా చూసుకోడానికి బానే ఉంటాయి, కొన్ని వారాలు ఆగి మళ్ళీ రాస్తే చాలామందికి వేరే టైప్ వస్తుంది, అలాంటిదాని మీద కెరీర్ నిర్ణయించుకుంటారా ఎవరైనా. ఇంతకన్నా మంచిది జాన్ హాలండ్ అనే సైకాలజిస్టు 1959లో మొదలుపెట్టిన ఆరు రకాల ఆసక్తుల పద్ధతి. చేతుల్తో చేసే పనా, పరిశోధనా, కళా, మనుషులకి సాయపడేదా, వ్యాపారమా, లెక్కాపత్రాలు పద్ధతిగా చూసుకునేదా, వీటిలో దేనివైపు మొగ్గుతావు అని చూస్తుంది. దాని మీదే తయారుచేసిన ఓనెట్ ఇంటరెస్ట్ ప్రొఫైలర్ అని అమెరికా కార్మిక శాఖ వాళ్ళది ఒకటుంది, ఇంగ్లీషులో ఉంటుంది, పూర్తిగా ఫ్రీ. మా చెల్లి చేత అది కూడా చేయించా, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు కట్టినదే తేలిపోయింది.

ఇక రెజ్యూమె. ఇక్కడ నాకు నిజంగా చిరాకేసింది. మొదటి వీడియో మొత్తం భయపెట్టడమే. "మీ రెజ్యూమెని మనిషి చూడడు, ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ చూసి చెత్తబుట్టలో పడేస్తుంది, మీ స్కోరు ఇంత ఉంది, మా ప్రీమియం తీసుకుంటే ఇంతకి పెంచుతాం" అని. అసలు సంగతి చెప్తా వినండి. ఏటీఎస్ అంటే అప్లికేషన్లన్నీ ఒకచోట దాచి, వెతుక్కోడానికి, ఎవరు ఏ రౌండ్‌లో ఉన్నారో చూసుకోడానికి కంపెనీలు వాడే డేటాబేస్ లాంటిది. అన్ని కంపెనీలకీ కలిపి ఒక స్కోరు అంటూ ఎక్కడా లేదు, ఒక్కో కంపెనీ ఒక్కో సాఫ్ట్‌వేర్ వాడుతుంది, దాని సెట్టింగులు వాళ్ళిష్టం, కొన్నిట్లో ర్యాంకులిచ్చే ఫీచర్ ఉన్నా అది ఆ ఉద్యోగం వరకే. బయట వెబ్‌సైట్ చూపించే "ఏటీఎస్ స్కోరు" ఆ వెబ్‌సైట్ సొంతంగా లెక్కేసుకున్న నంబరు, అంతే. ఆటోమేటిక్‌గా ఎక్కువగా రిజెక్ట్ అయ్యేది ఫారంలో అడిగే ప్రశ్నల దగ్గర, అంటే ఫలానా డిగ్రీ ఉందా, ఇక్కడ పనిచేయడానికి పర్మిట్ ఉందా లాంటివాటికి లేదు అని టిక్ పెడితే. తర్వాత రిక్రూటర్ ఫలానా స్కిల్ అని వెతికినప్పుడు ఆ మాట మీ రెజ్యూమెలో లేకపోతే పైకి రాదు. కాబట్టి చేయాల్సింది ఇంతే, ఉద్యోగ ప్రకటనలో వాళ్ళు ఏ మాట వాడారో, అది మీకు నిజంగా వస్తే, అదే మాట రాయండి. రెండు కాలమ్‌ల డిజైన్లు, బొమ్మల్లో ఇరికించిన అక్షరాలు, స్కిల్స్‌కి చుక్కలూ గీతల రేటింగులూ వద్దు, సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు వాటిని సరిగ్గా చదవలేదు. అయినా "పైథాన్ ఐదుకి నాలుగు చుక్కలు" అంటే ఏంటో మనిషికీ అర్థం కాదు లెండి.

అదే వీడియోలో "రిక్రూటర్ మీ రెజ్యూమె ఆరు సెకన్లే చూస్తాడు" అని కూడా చెప్పారు. ఆ ఆరు సెకన్లు అన్నది 2012లో ద లాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్ కొద్దిమంది రిక్రూటర్ల కళ్ళ కదలికలు ట్రాక్ చేసి వేసిన లెక్క, 2018లో మళ్ళీ చేసి 7.4 సెకన్లు అన్నారు. అది మొదటి చూపు. ఆ చూపులో దాటితే తర్వాత కూర్చుని చదువుతాం, ఇంటర్వ్యూకి ముందు ఒక్కో లైనూ చదివి ప్రశ్నలు రాసుకుంటాం. మొదటి చూపు కోసం పైన మూడో వంతు శుభ్రంగా ఉంచండి, మిగతాది చదివేవాడి కోసం రాయండి. ఇది ఒక్క లైన్లో అయిపోయే విషయం, వాళ్ళు దాన్ని సాగదీసి సాగదీసి చెప్పారు.

అయితే రెజ్యూమె రివ్యూ చేసినావిడ మాత్రం పని తెలిసిన మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. మా చెల్లి "కాలేజీ ప్రాజెక్టులో టీమ్‌తో కలిసి డేటా అనాలిసిస్‌లో పాల్గొన్నాను" అని రాసింది. ఆవిడ దాన్ని తిరగరాసి ఇవ్వలేదు, పక్కన కామెంట్లు పెట్టింది అంతే. ఎంతమంది టీమ్? నువ్వు చేసిన ముక్క ఏది? డేటా ఎంత? చేశాక ఏం మారింది? వాటికి జవాబులు రాసుకుంటూ పోతే చివరికి "నలుగురి టీమ్‌లో సర్వే డేటా శుభ్రం చేసే పని నాది, 4,000 వరుసల్లో డూప్లికేట్లు పట్టుకోడానికి స్క్రిప్ట్ రాశా, రెండు రోజులు పట్టే పని గంటలోకి వచ్చింది" అని తేలింది. అదే పిల్ల, అదే ప్రాజెక్టు. మొదటి వాక్యం చూస్తే నేను ఏమీ అడగను, రెండో వాక్యం చూస్తే ఆ స్క్రిప్ట్ ఎలా రాశావు అని కచ్చితంగా అడుగుతా, అక్కడ తను పది నిమిషాలు మాట్లాడగలదు. ఫ్రెషర్ రెజ్యూమె చేయాల్సిన పని ఇదే, మీకు బాగా తెలిసిన చోటికి ప్రశ్నని లాక్కురావడం. అనుభవం లేదు కదా ఏం రాయాలి అని బాధపడే వాళ్ళు పార్ట్‌టైమ్ పనులు, క్లబ్బు పనులు, ఫెస్టు అకౌంట్లు చూసిన పని, జూనియర్లకి ట్యూషన్ చెప్పింది, అన్నీ ఇలాగే రాయొచ్చు, షాపులో కౌంటర్ దగ్గర నిలబడి కోపంగా ఉన్న కస్టమర్‌ని ఎలా సముదాయించావు అన్నది నా దృష్టిలో చాలా సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ.

లింక్డ్‌ఇన్ ముక్క మామూలే. ఫొటో, హెడ్‌లైన్, రెండు పేరాల పరిచయం. హెడ్‌లైన్‌లో "ఉత్సాహవంతుడైన అభ్యాసకుడు, రేపటి నాయకుడు" తరహా మాటలు పెట్టించారు, అవి నేను తీయించేశా. ఏం చదివావు, ఏ పని కోసం చూస్తున్నావు, చేతిలో ఏముంది, ఈ మూడు చాలు.

మెసేజ్ టెంప్లేట్ల గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఆలోచన కరెక్ట్, అమలే ఘోరం. పరిచయాల ద్వారా ఉద్యోగాలు వస్తాయన్నది నిజం, అందులోనూ మనకి బాగా దగ్గరి వాళ్ళ కన్నా కొంచెం దూరపు పరిచయాలే ఎక్కువ పనికొస్తాయి. మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో రాసిన పేపర్‌లో ఈ లెక్క ఉంది, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళని అడిగితే, ఆ మనిషిని తరచుగా కలిసేవాళ్ళం అన్నవాళ్ళు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవాళ్ళం అన్నది 55.6 శాతం, అరుదుగా అన్నది 27.8 శాతం. అడిగింది కొద్దిమందినే, కానీ 2022లో లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది మీద జరిగిన ప్రయోగాలు సైన్స్ పత్రికలో వచ్చినప్పుడు కూడా దాదాపు అదే తేలింది, మరీ ముక్కూమొహం తెలియనివాళ్ళు కాదు, మరీ దగ్గరివాళ్ళూ కాదు, మధ్యస్తంగా తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగాలు ఎక్కువ మారుతున్నారు అని. కారణం కూడా అర్థమయ్యేదే, మన దోస్తులకి తెలిసిన ఖాళీలు మనకీ ఎలాగూ తెలుసు, రెండేళ్ళ సీనియరో, ఇంటర్న్‌షిప్‌లో పక్క టీమ్ ఆయనో అయితే మనకి తెలియని చోట ఉంటారు.

ఇంత మంచి విషయం చెప్పి, చివర్లో ఏం చేశారంటే అందరికీ ఒకే మెసేజ్ ఇచ్చి వంద మందికి పంపించండి అన్నారు. "మీ ప్రయాణం నాకెంతో స్ఫూర్తినిచ్చింది" అని మొదలయ్యే ఆ మెసేజ్ నాకూ వస్తూనే ఉంటుంది, పేరు మార్చడం మర్చిపోయి ఎవరో వేరే ఆయన్ని గారూ అంటూ నాకు పంపినవాళ్ళూ ఉన్నారు. అలాంటిది ఎవరూ చదవరండీ. జవాబు వచ్చే మెసేజ్ చిన్నగా, ఇలా ఉంటుంది: నేను ఫలానా కాలేజీ, మీరు చదివిన బ్రాంచే. మీరు టెస్టింగ్ నుంచి డేటా వైపు వెళ్ళారని చూశా, నేనూ అదే ఆలోచిస్తున్నా, ఒక్క ప్రశ్న, మొదటి ఏడాదిలో మీకు ఏ పని నేర్చుకోవడం ఎక్కువ అక్కరకొచ్చింది? వీలుంటే పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడొచ్చా? ఇంతే. మొదటి మెసేజ్‌లోనే రెఫరల్ అడగొద్దు, మిమ్మల్ని చూడకుండా ఎవరైనా తన పేరు మీద ఎందుకు రికమెండ్ చేస్తారు. మాట్లాడాక థాంక్స్ చెప్పి, వాళ్ళు చెప్పినదాంట్లో ఏదైనా చేస్తే అది చేశానని మళ్ళీ రాయండి, ఆ రెండో మెసేజ్ రాసేవాళ్ళు చాలా తక్కువ, అందుకే గుర్తుండిపోతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మాక్ ఇంటర్వ్యూ. ఈ ప్యాకేజీ మొత్తానికి పైసలు వసూలయ్యింది ఇక్కడే.

మొదటి మాక్ చేసినాయన నిజంగా ఇంటర్వ్యూలు తీసుకునే మనిషి, అది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. "మీ గురించి చెప్పండి" అన్నాడు, మా చెల్లి వీడియోల్లో బట్టీ పట్టిన రెండు నిమిషాల ప్రసంగం అప్పజెప్పింది. ఆయన ఆపలేదు, విన్నాడు, విని "సరేమ్మా, ఇందులో ఏ ముక్క గురించి అడిగితే నీకు సంతోషంగా ఉంటుంది?" అన్నాడు. పిల్ల బిత్తరపోయింది. తర్వాత ప్రాజెక్టు గురించి చెప్తూ మేము ఇది చేశాం, మేము అది చేశాం అని వెళ్తుంటే ప్రతిసారీ నెమ్మదిగా "అందులో నువ్వు?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది, ప్యానెల్‌లో మేం అచ్చం ఇదే చేస్తాం. మనవాళ్ళకి "నేను" అనడం గొప్పలు పోయినట్టు అనిపిస్తుంది, ఇంట్లో అలా పెంచుతారు మరి, కానీ అవతల ఉన్నవాడు ఉద్యోగం ఇచ్చేది మీ టీమ్‌కి కాదు కదా.

స్టార్ పద్ధతి అని వీడియోల్లో కూడా చెప్పారు, పరిస్థితి ఏంటి, నీ బాధ్యత ఏంటి, నువ్వు చేసిందేంటి, ఫలితం ఏంటి అని వరసగా చెప్పడం. చెప్పినంత సేపు తేలిగ్గానే ఉంటుంది. నోరు తెరిచి చెప్పేటప్పుడు అందరూ పరిస్థితి దగ్గరే మూడొంతుల టైమ్ తినేసి, చేసింది ఒక్క ముక్కలో ముగించేస్తారు. ఆయన రికార్డింగ్ వేసి చూపించాడు, ఇదిగో ఇక్కడి దాకా కాలేజీ కథే ఉంది, నువ్వు ఇంకా రాలేదు అని. అది విని అర్థం చేసుకోవడం వేరు, తన మొహం తను చూసుకుని అర్థం చేసుకోవడం వేరు. రెండో మాక్‌కి పరిస్థితి రెండు వాక్యాలకి కుదించుకుంది, ఎవరూ చెప్పకుండానే.

ఇంకో మంచి పని, తెలియని ప్రశ్న ఒకటి కావాలని అడిగాడు. తను ఏదో అల్లేయబోయింది. ఆయన అప్పుడు చెప్పింది నేను కూడా మా పిల్లలకి చెప్తా ఇకనుంచి, తెలియదు అనడం తప్పు కాదు, తెలియదు అని ఆగిపోతే నాకు రాసుకోడానికి ఏం ఉండదు, "ఇది నేను చేయలేదు, చేయాల్సి వస్తే మొదట ఫలానాది చూస్తా" అంటే నువ్వు ఎలా ఆలోచిస్తావో నాకు కనిపిస్తుంది అని. నూటికి నూరుపాళ్ళు కరెక్ట్.

ఇంటర్వ్యూలు ఎలా జరుగుతాయో కూడా ఆయన వివరంగా చెప్పాడు, ఇది వీడియోల్లో లేదు. పద్ధతిగా నడిపే కంపెనీలు అందరినీ అవే ప్రశ్నలు అడిగి ఒక షీట్‌లో మార్కులు వేస్తాయి, ఎందుకంటే నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ కన్నా అలాంటిదే మనిషి ముందుముందు ఎలా పనిచేస్తాడో మెరుగ్గా పట్టుకుంటుందని పరిశోధనలు చెప్తున్నాయి. 1998లో ష్మిట్, హంటర్ అనే సైకాలజిస్టులు పాత అధ్యయనాలన్నీ కలిపి వేసిన లెక్కలో పద్ధతి ప్రకారం చేసే ఇంటర్వ్యూకి 0.51, మామూలు ఇంటర్వ్యూకి 0.38 వచ్చింది (సున్నా అంటే అంచనా అస్సలు పనికిరానట్టు, ఒకటికి ఎంత దగ్గరైతే అంత సరిగ్గా ఉన్నట్టు), 2022లో ఇంకో బృందం ఆ లెక్కలు సవరిస్తే మొదటిది 0.42కి తగ్గింది గానీ మిగతా పద్ధతులన్నిటికన్నా పైనే నిలబడింది. అభ్యర్థికి దీంతో పనేంటంటే, ఒక జవాబు పాడైనా అక్కడే కుంగిపోకండి, ఒక్కో ప్రశ్నకి మార్కులు విడిగా పడుతుంటాయి, తర్వాతది బాగా చెప్తే అది అలాగే లెక్కలోకి వస్తుంది.

రెండో మాక్ చేసినాయన మాత్రం వేస్ట్. తన కథే సగం సేపు చెప్పుకున్నాడు, చివర్లో "కాన్ఫిడెన్స్ పెంచుకో" అన్నాడు. కాన్ఫిడెన్స్ పెంచుకో అనేది ఫీడ్‌బ్యాక్ కాదు బాబూ, అది దీవెన. ప్రొఫైల్ చూస్తే ఆయన ఎప్పుడూ ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకున్న దాఖలా లేదు, కోచింగే చేస్తున్నాడు మొదటి నుంచీ. సపోర్ట్‌కి రాస్తే ఇంకో స్లాట్ ఇచ్చారు, కానీ చాలాసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది.

జీతం మాడ్యూల్ ఒక వీడియో. వచ్చిన ఆఫర్ మీద ఎప్పుడూ ఇరవై శాతం ఎక్కువ అడగండి అని ఒక మంత్రం చెప్పి వదిలేశారు. బ్యాచ్‌గా తీసుకునే కంపెనీల్లో ఫ్రెషర్ జీతం అందరికీ ఒకటే, అక్కడ ఈ మంత్రం పనిచేయదు, చేతిలో వేరే ఆఫర్ ఉన్నప్పుడో, అరుదైన స్కిల్ ఉన్నప్పుడో మర్యాదగా అడిగి చూడొచ్చు, అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం చాలా అరుదు. అంతకన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి, వాటి ఊసే లేదు. చెప్పిన మొత్తంలో నెలనెలా చేతికొచ్చేది ఎంత, బోనస్ పేరుతో వస్తుందో రాదో తెలియనిది ఎంత, ఇన్నాళ్ళు పనిచేయాలి లేకపోతే డబ్బు కట్టాలి అనే ఒప్పందం ఉందా, నోటీసు పీరియడ్ ఎంత, మొదటి ఏడాది ఏ టీమ్‌లో ఏ పని. ఇవన్నీ రాతలో తీసుకోండి. ఇంకా, ఉద్యోగం ఇస్తాం ముందు ట్రైనింగ్ ఫీజో డిపాజిట్టో ల్యాప్‌టాప్ ఖర్చో కట్టండి అంటే అది మోసం అని అనుకుని పక్కకి వచ్చేయండి. కొత్తగా వచ్చే పిల్లలు ఎక్కువ పడేది ఇందులోనే, దీని గురించి కెరీర్ సలహా అమ్మేవాళ్ళు ఒక్క నిమిషం కూడా మాట్లాడకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

అలాగే ఉద్యోగంలో చేరాక ఏంటి అన్నది కూడా ప్యాకేజీలో సున్నా. ఆఫర్ వచ్చేసరికి కథ సుఖాంతం అన్నట్టు ఆపేశారు. నేను చూసే ఫ్రెషర్స్ తడబడేది మొదటి మూడు నెలల్లోనే, అదీ తెలివి తక్కువై కాదు, ఎప్పుడు అడగాలో తెలియక. రెండు రోజులు ఒక్కచోటే ఇరుక్కుని మౌనంగా ఉంటారు, అడిగితే ఏమనుకుంటారో అని. కాసేపు మీరే ప్రయత్నించండి, ఏమేం చేసి చూశారో రాసుకోండి, ఆ కాగితంతో వెళ్ళి అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు, పైగా మంచి మార్కులు పడతాయి. మేనేజర్‌ని మొదటి వారంలోనే "నెల అయ్యేసరికి నా పని ఎలా ఉంటే బాగుందని మీరనుకుంటారు" అని అడిగేయండి. ఇది ఒక వీడియోకి సరిపడా విషయం, ఆ పర్సనాలిటీ టెస్ట్ తీసేసి ఇది పెట్టాల్సింది.

జాబ్ గ్యారంటీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది చూడండి, దాని కింద షరతులు చదివే కొనండి. వారానికి ఇన్ని అప్లికేషన్లు పెట్టాలి, ఏ ఊరైనా ఏ రోల్ అయినా వచ్చిన ఆఫర్ కాదనకూడదు, ఒక్క సెషన్ మిస్ అయినా రిఫండ్ లేదు. ఈ షరతులన్నీ పాటించి రిఫండ్ దాకా వెళ్ళేవాళ్ళు ఉంటారని నేననుకోను.

నన్నడిగితే ఎవరు తీసుకోవచ్చంటే, ఇంటర్వ్యూల దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతున్నవాళ్ళు, అదీ మాక్ ఇంటర్వ్యూలు విడిగా అమ్మితే అవి మాత్రమే. అసలు పిలుపులే రావట్లేదంటే సమస్య రెజ్యూమెలోనో అప్లై చేసే చోట్లలోనో ఉంది, దానికి ఇంత ప్యాకేజీ అక్కర్లేదు. చాలా యూనివర్సిటీల్లో కెరీర్ సెంటరో ప్లేస్‌మెంట్ సెల్లో ఉంటుంది, రెజ్యూమె చూస్తారు, కొన్నిచోట్ల మాక్‌లు కూడా ఫ్రీగా పెడతారు, పాస్ అయిపోయినవాళ్ళకి కూడా కొంతకాలం సాయం చేసేవి ఉన్నాయి, ముందు అక్కడ ఒక మెయిల్ పెట్టి అడగండి. అదీ లేకపోతే ఉద్యోగంలో ఉన్న సీనియర్‌ని బతిమాలి ఒక గంట కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డ్ పెట్టుకుని, ప్రతి జవాబు తర్వాత "అందులో నువ్వు?" అని అడగమనండి.

నా రేటింగ్ ఐదుకి రెండున్నర, అందులో రెండు ఆ మొదటి మాక్ ఆయనవే. కొనేవాళ్ళు స్లాట్ బుక్ చేసేముందు మెంటర్ (అంటే మాక్ చేసే మనిషి) ప్రొఫైల్‌లో మనుషుల్ని తీసుకున్న అనుభవం ఉందో లేదో చూడండి, ఆటోమేటిక్‌గా ఇచ్చే మెంటర్‌ని మార్చుకునే ఆప్షన్ సెట్టింగ్స్‌లో అడుగున దాచారు. రికార్డింగులు కూడా కోర్సు గడువు అయిపోగానే తీసేస్తున్నారు, సెషన్ అయిన రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.